పాత లారీ, 80 కి.మీ. హైవే: లెక్క ఎక్కడ కుదురుతుంది?

నిమిషానికి 2,800 చుట్లు. టాటాల కంపెనీ టెల్కో 1954లో జర్మనీ సంస్థ డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో తయారుచేసిన టాటా-మెర్సిడెస్ 312 లారీ ఇంజిన్‌కు గరిష్ఠ వేగం అదే. సిలిండర్లు 6, లోపలి వ్యాసం 90 మి.మీ., పిస్టన్ నడక 120 మి.మీ., మొత్తం 4.58 లీటర్లు, 90 హెచ్‌పీ. పదిహేనేళ్ల ఒప్పందం 1969లో ముగిసింది. బానెట్ మీది మూడు కొమ్మల నక్షత్రం పోయి దాని స్థానంలో టాటా 'టి' వచ్చింది. ఆ వంశంలోనే పుట్టిన 1210 తెలుగు నేల మీద ధాన్యం, బొగ్గు, గ్రానైట్, పెళ్లివారు అన్నింటినీ మోసింది. ఆ పేరులోనే బండి స్థోమత ఉంది: సరుకుతో కలిపి 12 టన్నుల బరువు, సుమారు 100 హెచ్‌పీ.

ఇలాంటి బండిని తుప్పు గీకి, బాడీ కట్టించి, రంగు వేయించి మళ్లీ నిలబెట్టినవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "హైవే మీద పరుగెత్తాలంటే ఇంజిన్ మార్చాలా?" అక్కర్లేదు. పాత లారీకి కొరత పడేది శక్తి కాదు. ముందు ఆగడం, తర్వాత గేరు నిష్పత్తి, ఆ తర్వాత స్టీరింగ్, టైర్లు. ఇంజిన్ పెద్దది చేయడం ఈ వరుసలో చిట్టచివరిది. చాలా బండ్లకు ఆ వంతే రాదు.

లెక్కలన్నీ ఒకే బండి మీద వేద్దాం. బానెట్ ముందుకు ఉన్న రెండు ఇరుసుల లారీ, ఖాళీగా 5 టన్నులు, సరుకుతో 12 టన్నులు, 9.00-20 టైర్లు, టాప్ గేర్ 1:1, వెనక ఇరుసు హౌసింగ్‌లో 6/41 క్రౌన్ పినియన్ (పినియన్‌కు 6 పళ్లు, క్రౌన్‌కు 41). మీ బండి కొలతలు వేరైతే ఆ అంకెలు పెట్టుకోండి, పద్ధతి మారదు. పళ్ల సంఖ్య తెలియకపోతే వెనక ఇరుసును జాకీ మీద లేపి ఊహించుకోవద్దు, మూత విప్పి లెక్కపెట్టించండి.

76 దగ్గర గోడ

9.00-20 టైరు ఒక చుట్టుకు సుమారు 3.1 మీటర్లు నడుస్తుంది. 41ని 6తో భాగిస్తే 6.83. అంటే చక్రం ఒకసారి తిరగడానికి ఇంజిన్ 6.83 సార్లు తిరగాలి. 2,800ను 6.83తో భాగించి 3.1తో గుణిస్తే నిమిషానికి 1,271 మీటర్లు, అంటే గంటకు 76 కి.మీ. ఇంజిన్ పూర్తిగా ఊపిరి బిగబట్టి పరుగెత్తితే వచ్చే వేగం ఇది. రోజంతా నిలకడగా పోగలిగే వేగం కాదు.

2018లో కేంద్రం సవరించిన వేగ పరిమితుల ప్రకారం సరుకు బండ్లకు ఎక్స్‌ప్రెస్‌వే మీద, మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద 80, మిగతా రోడ్ల మీద 60 గరిష్ఠం. కాబట్టి చట్టం ఒప్పుకునే వేగానికీ, ఈ బండి కొన ఊపిరికీ తేడా నాలుగు కిలోమీటర్లే. ఆ నాలుగు దాటించాలన్న కోరికతో, ఇంజిన్ చుట్లకు హద్దు పెట్టే డీజిల్ పంపు గవర్నర్ సీలు విప్పించేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయించకండి. 120 మి.మీ. నడక ఉన్న పిస్టన్ 2,800 చుట్ల దగ్గర సగటున సెకనుకు 11.2 మీటర్ల వేగంతో పైకీ కిందికీ కొట్టుకుంటుంది. 2,200 దగ్గర అది 8.8. ఇప్పటి పెద్ద లారీ హైవే మీద 1,200-1,500 చుట్ల మధ్య నింపాదిగా పోతుంది, 150 మి.మీ. నడక ఉన్నా దాని పిస్టన్ వేగం ఏడు మీటర్ల అటూ ఇటూ. పాత ఇంజిన్‌ను 3,000 దాటిస్తే రింగులు, బేరింగులు, కనెక్టింగ్ రాడ్ బోల్టులు ఆ తేడాను భరించాలి. అవి అరవై ఏళ్ల నాటివి కావచ్చు.

ఈ బండి 60లో పోతే ఇంజిన్ 2,204 చుట్లు తిరుగుతుంది. 70లో 2,571. నా లెక్కలో ఉన్నది ఉన్నట్టుగా ఈ లారీకి సుఖమైన వేగం 60, మహా అయితే 65.

శక్తి చాలదా?

చదును రోడ్డు మీద లారీని వెనక్కి పట్టి లాగేవి రెండు: టైర్ల రాపిడి, గాలి. ఖాళీ బండికి టైర్ల రాపిడి బరువులో వందో వంతు అనుకుంటే 490 న్యూటన్లు. ఇది వేగంతో పెద్దగా మారదు. గాలి అలా కాదు. ముందు భాగం 6 చదరపు మీటర్లు, ఆకారం మొద్దుగా ఉండటం వల్ల గాలి గుణకం 0.9 వేసుకుంటే, 60 దగ్గర గాలి నిరోధం 900 న్యూటన్లు, 80 దగ్గర 1,600. మొత్తం మీద 60లో చక్రాల దగ్గర 31 హెచ్‌పీ కావాలి, 80లో 63. గేర్ బాక్సులో, హౌసింగ్‌లో పోయేది పదోవంతు కలుపుకుంటే 35, 70. వేగం మూడో వంతు పెరిగితే శక్తి రెట్టింపు.

100 హెచ్‌పీ ఇంజిన్‌కు 70 పెద్ద భారం కాదు. సరుకుతో కలిపి 12 టన్నుల బరువుతో 80లో పోవాలంటే మాత్రం 93 హెచ్‌పీ దాకా కావాలి, చిన్న ఎత్తు వచ్చినా గేరు దించక తప్పదు. కానీ పునరుద్ధరించిన లారీని ఎవరూ 12 టన్నులతో తోలరు కదా. ఖాళీగా టన్నుకు 20 హెచ్‌పీ వస్తుంది, సరుకుతో వచ్చేది 8.3. ఆ లారీని నిండుగా తోలిన నాటి డ్రైవరుకు ఈ సుఖం దక్కలేదు.

ఇదే లెక్కను డీజిల్‌లోకి మారిస్తే మరో సంగతి తేలుతుంది. లాగే బలం 1,390 నుంచి 2,090 న్యూటన్లకు పెరిగితే ప్రతి కిలోమీటరుకూ ఖర్చయ్యే శక్తి ఒకటిన్నర రెట్లు. ఇంజిన్ సామర్థ్యం 30 శాతం అనుకుంటే 60లో లీటరుకు 7 కి.మీ., 80లో 4.6 కి.మీ. హైదరాబాద్ నుంచి విజయవాడకు సుమారు 270 కి.మీ. 60లో నాలుగున్నర గంటలు, 39 లీటర్లు. 80లో మూడు గంటల 22 నిమిషాలు, 58 లీటర్లు. ఆదా అయ్యేది గంటా ఏడెనిమిది నిమిషాలు, దానికి చెల్లించేది 19 లీటర్లు, ఇంకా ఇంజిన్ ఆయుష్షు.

60లో 71 మీటర్లు, 80లో 116

ఇక్కడ కాస్త ఆగాలి. ఈ విషయంలో నాకు రాజీ లేదు.

డ్రైవరు ప్రమాదాన్ని చూసి కాలు బ్రేకు మీద వేసేలోపు ఒకటిన్నర సెకను పోతుందనుకుందాం. పాత డ్రమ్ము బ్రేకు బాగా సర్దిన స్థితిలో సెకనుకు 3 మీటర్లు చొప్పున వేగం తగ్గిస్తుందని, చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉన్న నేటి బండి 6 చొప్పున తగ్గిస్తుందని తీసుకుందాం. 80లో పాత లారీ ఆగడానికి 116 మీటర్లు కావాలి, కొత్తదానికి 75. ఈ 41 మీటర్ల తేడాలోనే గుద్దుకోవడం జరుగుతుంది. పాత లారీ 60లో పోతుంటే 71 మీటర్లలో ఆగుతుంది. అంటే 60లో పోయే పాత లారీకి ఉన్న భద్రత, 80లో పోయే కొత్త లారీ భద్రతతో దాదాపు సమానం. హైవేకు తగిన బండి అని చెప్పడానికి నాకు ఈ జంట అంకెలకన్నా మంచి కొలత దొరకలేదు.

బ్రేకుల పనిలో ముందుగా లైనర్లు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. డ్రమ్ము విప్పినప్పుడు ఆ దుమ్మును గాలి పైపుతో ఊదడం వర్క్‌షాపుల్లో ఇప్పటికీ చూస్తాం. అది ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిగుడ్డతో తుడిపించి, ఆస్బెస్టాస్ లేని లైనర్లు వేయించాలి. డ్రమ్ముల్ని లేత్ మీద తిప్పించేటప్పుడు ఎంత మందం మిగిలిందో కొలిపించాలి. పలచబడ్డ డ్రమ్ము మెరుస్తూ బాగానే కనిపిస్తుంది, కానీ వేడిని దాచుకునే ఇనుము దానిలో ఉండదు.

ఆ వేడి ఎంతో చూద్దాం. 12 టన్నుల లారీ 80 నుంచి పూర్తిగా ఆగితే డ్రమ్ముల్లోకి చేరేది దాదాపు 3 మెగాజౌళ్లు. 40 నుంచి ఆగితే 0.74, నాలుగో వంతు. నాలుగు డ్రమ్ముల ఇనుము కలిపి 160 కిలోలైతే, 80 నుంచి ఒక్కసారి ఆపినందుకు పెరిగే వేడి 37 డిగ్రీలు. ఫరవాలేదు. ఘాట్ రోడ్డు సంగతి వేరు. నూటికి ఆరు చొప్పున దిగే 5 కి.మీ. ఘాట్‌లో బండి 300 మీటర్లు కిందికి వస్తుంది. ఆ శక్తి 35 మెగాజౌళ్లు. టైర్లు, గాలి కలిసి అందులో ఐదో వంతుకు పైగా మింగుతాయి. మిగిలిన 27 మెగాజౌళ్లు బ్రేకులే మోయాలంటే, 80 నుంచి వరసగా తొమ్మిదిసార్లు ఆపినంత పని. 40 వేగంతో దిగితే ఏడున్నర నిమిషాల పాటు బ్రేకులు 83 హెచ్‌పీ చొప్పున మింగుతూ ఉండాలి. అంటే కొండ ఎక్కేటప్పుడు ఇంజిన్ పెట్టిన బలంలో చాలా భాగం దిగేటప్పుడు బ్రేకు లైనర్లు పెట్టాలి. చల్లబడే అవకాశమే లేకపోతే డ్రమ్ములు 340 డిగ్రీలు వేడెక్కుతాయి. లైనర్లు పట్టు వదిలేసే వేడి అది. ఖాళీ బండికైతే 130 డిగ్రీల లోపే.

అందుకే ఎక్కిన గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పే మాట అక్షరాలా నిజం. న్యూట్రల్‌లో దించితే డీజిల్ మిగులుతుందన్న నమ్మకానికి లెక్కలో చోటే లేదు: గేరులో దిగుతున్నప్పుడు గవర్నర్ డీజిల్‌ను దాదాపు పూర్తిగా కట్టేస్తుంది, న్యూట్రల్‌లో ఇంజిన్ ఖాళీగా తిరగడానికి తాగుతూనే ఉంటుంది.

గాలి సాయంతో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకు ఉన్న బండ్లలో మరో అపాయం ద్రవంలోనే ఉంది. డాట్ 3 బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు మరిగే ఉష్ణోగ్రత కనీసం 205 డిగ్రీలు. గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కైతే 230, 155. ద్రవం మరిగితే పైపులో ఆవిరి చేరి పెడల్ నేలకు తగులుతుంది. ఏటా మార్చండి. ఒకే పైపు వరస మీద నాలుగు చక్రాలూ ఆధారపడి ఉంటే, ముందు చక్రాలకు ఒకటి, వెనకవాటికి ఒకటి చొప్పున రెండు వరసలుగా విడదీయించడం ఈ మొత్తం పనిలో అన్నింటికన్నా విలువైన మార్పు. ఒక పైపు పగిలినా సగం బ్రేకు మిగులుతుంది.

7/41: ఒక పన్ను చేసే మేలు

వేగం పెంచకుండా ఇంజిన్ చుట్లు తగ్గించడమెలా? 6/41 స్థానంలో 7/41 క్రౌన్ పినియన్ వేస్తే నిష్పత్తి 5.86 అవుతుంది. పినియన్‌లో ఒకే ఒక్క పన్ను ఎక్కువ. 60 దగ్గర ఇంజిన్ 2,204 బదులు 1,889 చుట్లే తిరుగుతుంది. 70 దగ్గర 2,204. పాత బండి 60లో తిరిగిన చుట్లతోనే ఇప్పుడు 70లో పోతుంది. గరిష్ఠం 89కి చేరుతుంది, ఆ వేగంతో పోవాలని కాదు, 70-75లో పోయినప్పుడు ఇంజిన్‌కు ఊపిరి మిగలాలని. ప్రతి గేరులోనూ లాగే బలం ఏడో వంతు తగ్గుతుంది. ఖాళీ బండికి అది తెలియను కూడా తెలియదు. ఇరుసు హౌసింగ్ రకాన్ని బట్టి ఏ జత సరిపోతుందో మారుతుంది కాబట్టి, విజయవాడ జవహర్ ఆటోనగర్ లాంటి చోట పాత టాటా హౌసింగులు విప్పిన చేతులకే ఈ పని అప్పగించాలి. క్రౌన్, పినియన్ ఎప్పుడూ జతగానే మార్చాలి, పళ్ల మధ్య సందు కొలిచి సర్దాలి.

ఓవర్‌డ్రైవ్ ఉన్న గేర్ బాక్సు వేస్తే సరిపోదా అని కొందరంటారు. ఇంజిన్‌కు సరిపోతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు కాదు. హౌసింగ్ పాతదే ఉంటే 80 దగ్గర షాఫ్ట్ 2,939 చుట్లు తిరగాలి. టాప్ గేర్‌లో ఇంజిన్‌తో సమానంగా తిరిగిన ఆ షాఫ్ట్ ఎన్నడూ 2,800 దాటలేదు. 7/41తో అయితే అదే 80 దగ్గర 2,519. రెండింట్లో నేను క్రౌన్ పినియన్‌కే ఓటేస్తాను. షాఫ్ట్‌ను బ్యాలెన్స్ చేయించి, క్రాసులు, మధ్య బేరింగు కొత్తవి వేయడం ఎటూ తప్పదు.

ఒక జాగ్రత్త. స్పీడోమీటర్ తీగ గేర్ బాక్సు నుంచి వస్తుంది. నిష్పత్తి మార్చాక ముల్లు 60 చూపిస్తే బండి నిజంగా 70లో పోతుంటుంది. డ్రైవ్ గేరు మార్చేదాకా ఫోన్‌లో జీపీఎస్ వేగం చూసి, డయల్ మీద గుర్తులు పెట్టుకోవాలి.

స్టీరింగ్, టైర్లు

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు స్టీరింగ్ చక్రంలో 30 డిగ్రీల దాకా వదులు (ప్లే) ఒప్పుకుంటాయి. హైవేకు అది చాలా ఎక్కువ. స్టీరింగ్ నిష్పత్తి 25:1 అనుకుంటే, 30 డిగ్రీల ప్లే ఉన్న బండిలో ముందు చక్రాలు మధ్య నుంచి 0.6 డిగ్రీలు ఎటైనా తిరిగి ఉండొచ్చు, డ్రైవరు చేతికి తెలియదు. ఇరుసుల మధ్య దూరం 4.2 మీటర్లున్న బండి 80లో ఒక సెకనులో 60 సెం.మీ. పక్కకు జరగడానికి ఆ కాస్త చాలు. వరుస వెడల్పు 3.5 మీటర్లు, లారీ వెడల్పు 2.4. పక్కన మిగిలేది 55 సెం.మీ. కింగ్ పిన్ బుష్షులు, రాడ్ ఎండ్లు, స్టీరింగ్ బాక్సు, కమాన్ కట్టల పిన్నులు, బుష్షులు అన్నీ సరిచేయించి ప్లేను 10 డిగ్రీల లోపుకు తేవాలి. పవర్ స్టీరింగ్ పెట్టించడం చేతులకు సుఖమే, కానీ అరిగిన కింగ్ పిన్నులను అది కప్పిపుచ్చుతుంది. ముందు ఇవి, తర్వాతే అది.

టైరు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నది కాదు, ఎప్పుడు పుట్టిందన్నది చూడాలి. పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం. ప్రదర్శన బండి టైరు అరగకుండానే ముసలిదవుతుంది, లోపలి పొరలు విడిపోతాయి. వేగాన్ని తెలిపే అక్షరాల్లో ఎఫ్ అంటే 80, జి అంటే 90, జె అంటే 100, కె అంటే 110 కి.మీ. జె లేదా కె ఉన్న రేడియల్ వేస్తే వేడి తగ్గుతుంది, బండి గీత తప్పకుండా పోతుంది. అయితే నైలాన్ టైర్ల కాలం నాటి రిమ్ములకు పగుళ్లేమైనా ఉన్నాయేమో గీకి చూడాలి. ముక్కలుగా విడిపోయే ఆ రిమ్ముల లాక్ రింగు గాలి నింపేటప్పుడు ఎగిరితే ప్రాణాలు తీస్తుంది. ఇనుప పంజరంలో పెట్టి నింపనివాడి దగ్గర నింపించకండి.

డీజిల్, దీపాలు

ఆ ఇంజిన్ తాగి పెరిగిన డీజిల్ ఇప్పుడు లేదు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా వస్తున్న బీఎస్-6 డీజిల్‌లో గంధకం పది లక్షల భాగాలకు 10. 2000కు ముందు అది వేలల్లో ఉండేది. గంధకం తీసేసే శుద్ధిలో డీజిల్‌కు సహజంగా ఉన్న జారుడు గుణం కూడా పోతుంది. దాన్ని శుద్ధి కర్మాగారంలోనే మందు కలిపి తిరిగి తెస్తారు, ప్రమాణం ప్రకారం అరుగుదల పరీక్షలో మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదు. కాబట్టి పంపు అరిగిపోతుందన్న భయంతో ట్యాంకులో ఇంజిన్ ఆయిల్ పోయనక్కర్లేదు. అసలు ఇబ్బంది రబ్బరు సీళ్లతో. పాత డీజిల్‌లో ఉబ్బి కుదురుకున్న సీళ్లు కొత్త డీజిల్‌లో కుంచించుకుపోయి కారతాయి. పంపును బెంచి మీదికి ఎక్కించినప్పుడు సీళ్లన్నీ మార్పించి, ఆరు సిలిండర్లకూ సమానంగా డీజిల్ పడేలా సర్దించి, నాజిళ్లు పరీక్షింపజేస్తే పొగ సంగతి కూడా తేలిపోతుంది. బీఎస్-4కు ముందు డీజిల్ బండ్లకు పొగ హద్దు 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు. ఆరోగ్యంగా ఉన్న పాత ఇంజిన్ ఆ హద్దు లోపల ఉంటుంది.

దీపాలకు డైనమో చాలదు. రెండు హాలోజన్ హెడ్‌లైట్లు 110 వాట్లు, మిగతా దీపాలు, వైపర్లు కలిపి 220 దాటుతుంది, 12 వోల్టుల మీద సుమారు 18 ఆంపియర్లు. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు డైనమో ఇచ్చేది దాదాపు శూన్యం. ఆల్టర్నేటర్ పెట్టించి, హెడ్‌లైట్లకు రిలేలు, మందపాటి వైర్లు వేయాలి. వెనక ఎర్ర, పక్కన పసుపు, ముందు తెల్ల రిఫ్లెక్టర్ టేపు తప్పనిసరి. 60లో పోయే బండిని వెనకనుంచి 100లో వచ్చే కారు చూడాలి కదా, ఆ రెండింటి మధ్య దూరం సెకనుకు 11 మీటర్ల చొప్పున తరుగుతుంది.

కాగితాలు

ఇక్కడ చాలామంది ఒక భ్రమలో ఉన్నారు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలు, 'వీఏ' అక్షరాలతో వచ్చే ప్రత్యేక నంబరు ప్లేటు, 20 వేల రూపాయల రిజిస్ట్రేషన్ రుసుము, ఇవన్నీ 50 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలకు, మనుషులు ప్రయాణించే కార్లకు మాత్రమే. సరుకు లారీ ఆ నిర్వచనంలో లేదు. ఎంత ముద్దుగా నిలబెట్టినా చట్టం దృష్టిలో అది మామూలు రవాణా వాహనమే: ఏటా ఫిట్‌నెస్, బీమా, పొగ ధ్రువపత్రం, ఫాస్టాగ్. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. ఇంజిన్ మార్పిడికి ముందస్తు అనుమతి కావాలి. ఇంజిన్ జోలికి పోవద్దనడానికి ఇది కూడా ఒక కారణం. ఢిల్లీ ప్రదర్శనకు తోలుకుపోదామనుకునేవాళ్లు ఆగాలి. రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో నిషేధించింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ట్రైలర్ మీద ఎక్కించి పంపడమే మార్గం. లారీలకూ వింటేజ్ హోదా ఇవ్వాలని నేను గట్టిగా కోరుకుంటాను.

పనంతా అయ్యాక మొదటి పరుగు ఖాళీ బండితో, పగటిపూట, 30 కి.మీ. లోపు, 50 దాటకుండా. తిరిగి వచ్చాక లేజర్ థర్మామీటర్‌తో నాలుగు హబ్బులూ కొలవండి. ఒకే ఇరుసు మీద ఎడమ, కుడి హబ్బుల తేడా 20 డిగ్రీలు దాటిందంటే ఒక పక్క బ్రేకు పట్టుకుని ఉంది, లేదా బేరింగు బిగుసుకుంది. హౌసింగ్ మధ్యభాగం చేయి పెట్టలేనంత వేడెక్కితే క్రౌన్ పినియన్ సందు మళ్లీ చూడాలి. వంద కిలోమీటర్ల తర్వాత చక్రాల నట్లు, యూ బోల్టులు మళ్లీ బిగించి, హౌసింగ్ ఆయిల్ దించి అందులో ఇనుప రజను ఎంతుందో చూసి, అప్పుడు 65కు వెళ్లండి.